గడప దాటేది పెద్దవాళ్లు

పదండి, థాంప్సన్ దాటి పడమటికి గంటసేపు. రోడ్డుకి ఇరువైపులా మంచు మోస్తున్న స్ప్రూస్ చెట్లు తప్ప మరేం లేవు. కెనడాలో మానిటోబా ఉత్తరభాగం ఇది. గడ్డకట్టిన ఫుట్‌ప్రింట్ సరస్సు ఒడ్డున కనిపిస్తున్న దీపాలు నెల్సన్ హౌస్‌వి. నిసిచవాయసిక్ క్రీ ఆదివాసుల ఊరు.

ఒక ఇంటి ముందు పిల్లల సంక్షేమ కార్యకర్త కారు ఆగింది. లోపల ఎవరో కర్టెన్ పక్కకి లాగి చూశారు. చూడరా మరి? ఈ జనం పిల్లల్ని ఒకప్పుడు ప్రభుత్వం, కుటుంబాల నుంచి వేరుచేసే రెసిడెన్షియల్ స్కూళ్లకు పట్టుకుపోయింది. ఆ తర్వాత, 1960ల నుంచి, సంక్షేమ శాఖలే తెల్లవాళ్ల ఇళ్లకు దత్తతిచ్చేశాయి, కొందరినైతే అమెరికా దాకా. గుక్కపెట్టి ఏడ్చే పిల్లని ఎత్తుకొస్తారని మీరూ బిగుసుకుని నిలబడ్డారు.

తలుపు తెరుచుకుంది. బయటికొచ్చింది తండ్రి. వెనకాలే బట్టల సంచీతో తల్లి. వాళ్లు కారెక్కుతుంటే పిల్లల పిన్ని లోపలికి నడిచింది. ఇవాళ్టి నుంచి వంటా, బడికి తయారుచేయడం ఆవిడ పని. పిల్లలు ఎక్కడికీ కదల్లేదు. అదే మంచం, అదే బడి, పెరట్లో అదే కుక్క.

ఇక్కడ ఇళ్లు బ్యాండ్ కౌన్సిల్‌వి, అంటే ఊరివి. అందుకే తల్లిదండ్రుల్ని ఖాళీ చేయమనే హక్కు ఊరికుంది. తాగుడో మరొకటో, చికిత్స చేయించుకుని కుదుటపడ్డాక తిరిగి రావచ్చు. తప్పు పెద్దవాళ్లదైతే ఊరు విడిచేది పిల్లలెందుకు? ఇంత తేలికైన ప్రశ్న ఏ శాఖకీ తట్టకపోవడమే నాకు వింత.

తట్టకపోవడానికి కారణం పద్దుల్లో ఉంది. రిజర్వుల్లో, అంటే ఆదివాసులకు కేటాయించిన నేలల్లో, పిల్లని ఇంటి నుంచి తీసేస్తే ఖర్చంతా కేంద్రం ఇచ్చేది. కుటుంబాన్ని ముందే ఆదుకోవడానికి మాత్రం చాలీచాలని డబ్బు. ఆదివాసీ పిల్లల హక్కుల కోసం సిండీ బ్లాక్‌స్టాక్ నడిపే సంస్థ, ఆదివాసుల జాతీయ సంఘం అసెంబ్లీ ఆఫ్ ఫస్ట్ నేషన్స్ కలిసి 2007లో ఫిర్యాదు చేస్తే, ఇది వివక్షేనని మానవ హక్కుల ట్రిబ్యునల్ 2016లో తేల్చింది. అయినా 2021 జనగణన చూడండి: 14 ఏళ్లలోపు పిల్లల్లో ఆదివాసులు 7.7 శాతం, పెంపుడు ఇళ్లలో ఉన్నవాళ్లలో 53.8 శాతం.

ఆదివాసులు తమ పిల్లల విషయంలో సొంత చట్టాలు చేసుకునే హక్కును గుర్తించిన ఫెడరల్ చట్టం 2020 జనవరి 1న అమల్లోకొచ్చింది. క్యూబెక్ రాష్ట్రం సవాలు చేసినా 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని పూర్తిగా నిలబెట్టింది. హక్కు చేతికొచ్చింది. ఇక పిల్లల్ని తరలించడానికి ఇన్నాళ్లూ పోసిన సొమ్ము ఆ పిన్ని చేతికి రావాలి.