దిద్దుబాటు చరిత్రలో మన చోటు

తెలుగు వికీపీడియాలో ఒక వ్యాసాన్ని ఎవరైనా మారిస్తే దాన్ని 'దిద్దుబాటు' అంటారు. ఆ మాట కనిపించినప్పుడల్లా నాకు గురజాడ కథా, దానితో పాటు ఒక పాత తగాదా గుర్తొస్తాయి. తొలి తెలుగు కథ ఏది? 1910లో 'ఆంధ్రభారతి'లో అచ్చయిన 'దిద్దుబాటు' అనే చదువుకున్నాం, అదే పాఠం చెప్పాం, అదే రాసిన పిల్లలకు మార్కులూ వేశాం. భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి' అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో 'హిందూ సుందరి'లో వచ్చింది. పత్రిక ఉంది, కథ ఉంది, తేదీ ఉంది. అయినా ఆ ఒక్క వాక్యం దిద్దడానికి ఎన్ని దశాబ్దాలు పట్టింది! ఇప్పటికీ పూర్తిగా దిద్దామని చెప్పగలమా?

అచ్చమాంబ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. అక్క ఇంట్లో ఉండి ఆయన చదువుకున్నారు. తమ్ముడి చదువు పక్కనే కూర్చుని అక్కా చదువు నేర్చుకుంది. ఆయన తెలుగులో 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' తలపెట్టి, మూడు సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశారు. తెలుగు వికీపీడియాలో కృషి చేసినవారికి ఇచ్చే పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. అక్క ఆయన కన్నా ముందే, 1901లో, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు కూర్చింది. 1905లో ముప్పై ఏళ్లకే పోయింది. ఒకే ఇంట్లో పుట్టిన ఈ రెండు పనుల్లో ఒకటి విజ్ఞాన సర్వస్వంగా లెక్కకొచ్చింది, రెండోది ఆడవాళ్ల పుస్తకంగా మిగిలింది. ఈ లెక్కలు ఎవరు కడతారు, ఎలా కడతారు అన్నదే నా ప్రశ్న.

2001 జనవరి 15న మొదలైన వికీపీడియా ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అంది. ఎవరైనా దిద్దవచ్చంటే ఎవరైనా తగాదా పడవచ్చనే కదా! మొదట్లో వివాదం తేలకపోతే స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ మాటే చివరి మాట. రాసేవాళ్లు పెరిగాక అది సాగలేదు. 2003 చివర ఇంగ్లీషు వికీపీడియాకి మధ్యవర్తిత్వ సంఘం, తీర్పరుల సంఘం ఏర్పాటు చేశారు. ఒకే వ్యాసంలో ఇతరుల మార్పుల్ని 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పకూడదన్న నియమం 2004లో వచ్చింది. మధ్యవర్తిత్వ సంఘాన్ని 2018లో మూసేశారు. తీర్పరుల సంఘం ఉంది కానీ, అది రాసేవాళ్ల ప్రవర్తన గురించి తీర్పు చెబుతుందే తప్ప, వ్యాసంలో ఏది నిజమో చెప్పదు. అది తేల్చే న్యాయస్థానం అక్కడ లేదు. ఉన్నవల్లా చర్చ పేజీ, అచ్చయిన ఆధారాలు, ఏకాభిప్రాయం.

మన వాక్యాన్నే ఆ పద్ధతిలో పెట్టి చూద్దాం. 'తొలి తెలుగు కథ ధనత్రయోదశి' అని ఒకరు రాశారనుకోండి. ఇంకొకరు దాన్ని తీసేసి 'దిద్దుబాటు' అని పెట్టారు. మొదటివారు మళ్లీ తమ వాక్యాన్ని తెచ్చిపెట్టడం కాదు, చర్చ పేజీకి రావాలి. అక్కడ నువ్వెవరు, ఏం చదివావు అని అడగకూడదు, ఎక్కడ అచ్చయింది అని అడగాలి. అప్పుడు తగాదా రెండుగా విడిపోతుంది. 1902 ముందు, 1910 తర్వాత అన్నది తేదీల సంగతి, దాని మీద వాదం లేదు. వ్యావహారిక భాష, శిల్పం చూసి 'ఆధునిక కథ' గురజాడతోనే మొదలైందనడం విమర్శకుల అభిప్రాయం. అభిప్రాయాన్ని నిజంగా రాయకూడదు, ఫలానావారు ఇలా అంటారు అని వాళ్ల పేరుతో రాయాలి. రెండు వాదాలూ ఉంటాయి, తేదీలూ ఉంటాయి. తటస్థ దృక్కోణం అంటే ఇదే. ఇన్నేళ్లూ మనం అడిగిందీ దాదాపు ఇదే కదా - మీ అభిప్రాయాన్ని చరిత్ర అని రాయకండి అని.

మరి ఇంత న్యాయమైన పద్ధతిలో ఆడవాళ్లకు అన్యాయం ఎలా జరుగుతోంది?

మొదటిది ఆధారాల దగ్గర. కెనడాలో భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ మీద రాసిన చిత్తుప్రతిని 2018 మే నెలలో ఇంగ్లీషు వికీపీడియా తిప్పి పంపింది. ఆమె ప్రాముఖ్యం చూపే ఆధారాలు చాలవన్నారు. ఆమె అప్పటికే అమెరికాలోని ఆప్టికల్ సొసైటీకి అధ్యక్షురాలిగా పనిచేసింది. అదే ఏడాది అక్టోబరు 2న ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటించారు. భౌతికశాస్త్రంలో మేరీ క్యూరీ, మరియా గెప్పర్ట్ మేయర్‌ల తర్వాత మూడో మహిళ. పేజీ ఆ రోజు వచ్చింది. ఆమెతో కలిసి అదే పనికి బహుమతి పంచుకున్న గెరార్డ్ మూరూకి ఎన్నో ఏళ్ల ముందు నుంచే పేజీ ఉంది. విమర్శ వచ్చినప్పుడు వికీమీడియా పెద్దలు మేం లోకానికి అద్దం మాత్రమే అన్నారు. అందులో సగం నిజం ఉంది. పత్రికలు ఆమె గురించి రాయలేదు కాబట్టి అద్దంలో ఆమె కనిపించలేదు. కానీ ఆధారం సరిపోయిందో లేదో చూసే కళ్లు మనుషులవే. ఫ్రాన్సెస్కా ట్రిపోడీ 2021లో ప్రచురించిన పరిశోధన చూడండి: 2017 ఏప్రిల్‌లో తొలగింపుకు ప్రతిపాదించిన జీవిత చరిత్రల్లో 41 శాతం స్త్రీలవి. మొత్తం జీవిత చరిత్రల్లో స్త్రీలవి 17 శాతమే.

రెండోది హాజరు దగ్గర. ఏకాభిప్రాయం అంటే అక్కడ కూర్చున్నవాళ్ల అభిప్రాయం. 2010లో వెలువడిన ఒక సర్వే ప్రకారం వికీపీడియాలో రాసేవాళ్లలో స్త్రీలు 13 శాతం కూడా లేరు. అప్పటి వికీమీడియా సారథి స్యూ గార్డ్‌నర్ 2011లో స్త్రీలు ఎందుకు రాయడం లేదో వాళ్ల మాటల్లోనే తొమ్మిది కారణాలుగా చెప్పింది. సమయం లేకపోవడం ఒకటి, అక్కడి పోట్లాట ధోరణి ఒకటి. ఓపికగా చివరిదాకా వాదించగలిగినవాళ్లదే గెలుపైనప్పుడు, వంటా పిల్లలూ ఉద్యోగమూ ముగించుకుని రాత్రి పదకొండింటికి కూర్చునే మనిషి ఎన్నాళ్లు వాదిస్తుంది?

ఎవరూ కుట్ర చేయనక్కర్లేదని చెప్పే ఉదాహరణ 2013 నాటిది. 'అమెరికన్ నవలాకారులు' అన్న జాబితా పెద్దదైపోయిందని కొందరు అందులోంచి స్త్రీలను ఒక్కొక్కరినే తీసి 'అమెరికన్ మహిళా నవలాకారులు'లోకి చేర్చసాగారు. మగవాళ్లకు వేరే అర లేదు, అసలు జాబితాయే వాళ్లది. నవలాకారిణి అమాండా ఫిలిపాకీ ఆ ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో దీన్ని బయటపెట్టింది. పెద్ద చర్చ జరిగింది. ఇప్పుడు స్త్రీలు రెండు జాబితాల్లోనూ ఉంటారు. పురుష నవలాకారులకీ ఓ అర వచ్చింది. 'రచయిత్రులు' అని మనకు వేరే అధ్యాయం కేటాయించిన సాహిత్య చరిత్రలు చదివి పెరిగినవాళ్లకు ఇందులో కొత్తేముంది? కొత్తది ఒక్కటే: ఎవరు ఏ రోజు ఎవర్ని తీశారో అంతా నమోదై ఉంది.

ఆ నమోదు విలువ తెలియాలంటే ముద్దుపళని దగ్గరికి వెళ్లాలి. 'రాధికా సాంత్వనము' 1887లో అచ్చయినప్పుడు, పైడిపాటి వెంకటనరసు పరిష్కరించిన ఆ ప్రతిలో ఆమె తన వంశం గురించి చెప్పుకున్న పీఠికా లేదు, కొన్ని పద్యాలూ లేవు. బెంగుళూరు నాగరత్నమ్మ తాళపత్ర ప్రతి సంపాదించి పోల్చి చూసేదాకా ఆ కోత సంగతి పాఠకులకు తెలిసే వీలు లేదు. ఆమె పూర్తి పాఠాన్ని 1910లో, అవును, 'దిద్దుబాటు' వచ్చిన ఏడే, వావిళ్ల వారి ద్వారా తెచ్చి, వీరేశలింగం విమర్శకు జవాబూ చెప్పింది. ఆ చర్చను ముగించింది ఏకాభిప్రాయం కాదు, 1911 నాటి ప్రభుత్వ నిషేధం. అది తొలగడానికి 1947 దాకా పట్టింది. వికీపీడియాలో వ్యాసంలోంచి తీసేసిన వాక్యం 'చరిత్ర' పేజీలో తేదీతో సహా మిగులుతుంది. తీసినవారి సంతకం ఉంటుంది. మళ్లీ పెట్టడానికి ముప్పై ఆరేళ్లు ఆగనక్కర్లేదు. అయితే ఎవరో ఒకరు వెళ్లి ఆ పేజీ తెరవాలి.

తెలుగు వికీపీడియాలో అందరూ కూడి మాట్లాడుకునే చోటుకి 'రచ్చబండ' అని పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ మా ఊళ్లో రచ్చబండ మీద మగవాళ్లే కూర్చునేవారు. మా అమ్మ ఆ దారిన వెళ్లాల్సి వస్తే పమిట సర్దుకుని, తల వంచుకుని, గబగబా నడిచేది. ఆ బండ మీద ఇప్పుడు ఎవరైనా కూర్చోవచ్చని నియమం ఉంది. నియమం ఉండడం చిన్న విషయం కాదు. స్త్రీల జీవిత చరిత్రలు పెంచాలని 2015లో కొందరు పూనుకున్నప్పుడు ఇంగ్లీషులో అవి 15 శాతం ఉండేవి, ఇప్పుడు 20 దాకా వచ్చాయి. అదంతా కూర్చున్నవాళ్ల పనే.

మన పని రెండు రకాలు. ఒకటి, ఆధారాలు తయారు చేయడం. 'హిందూ సుందరి', 'గృహలక్ష్మి' లాంటి పత్రికల పాత సంచికలు వెతికి, రచయిత్రుల గురించి తేదీలతో, వివరాలతో రాసి అచ్చు వేయడం. అచ్చులో లేనిది అక్కడ నిలవదు. రెండు, చర్చ పేజీలో కూర్చోవడం. ఒంటరిగా కాదు, ఇద్దరు ముగ్గురం కలిసి. కోపంతో తిప్పికొట్టడం కాకుండా, ఆధారం పెట్టి అడగడం. అచ్చమాంబ నూరేళ్ల కిందట చేసిన పని మొదటిది. రెండోదానికి ఆమెకు చోటు లేకపోయింది, మనకుంది.