హకీం సాబ్: కన్నతండ్రే టీమ్ నుంచి తప్పించిన ఒలింపియన్

సయ్యద్ షాహిద్ హకీం (1939–2021) హైదరాబాద్‌కు చెందిన ఫుట్‌బాల్ ఆటగాడు, ఫిఫా రెఫరీ, కోచ్. భారత ఫుట్‌బాల్‌కు మంచి రోజులు చూపించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కొడుకు ఈయన. ఆటవాళ్ళంతా హకీం సాబ్ అనే పిలిచేవారు.

మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో ఉన్నారు. అక్కడ మనవాళ్ళు హంగేరీ చేతిలో 1-2తో, పెరూ చేతిలో 1-3తో ఓడిపోయారు. ఫ్రాన్స్‌తో మాత్రం 1-1 డ్రా చేశారు, అదేం చిన్న విషయం కాదు. హకీంకు మాత్రం ఒక్క మ్యాచ్‌లోనూ దిగే ఛాన్స్ రాలేదు. ఆట మధ్యలో మనిషిని మార్చే వీలు అప్పట్లో ఇప్పటిలా ఉండేది కాదు మరి.

అసలు దెబ్బ 1962లో తగిలింది. జకార్తా ఏషియన్ గేమ్స్‌కు కోచ్ రహీం సాబే. చివరి ఎంపికలో కన్నకొడుకు పేరే తీసేశారు. ఆ జట్టు సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి గోల్డ్ మెడల్ తెచ్చింది. తిరుపతిలోనో చిత్తూరులోనో చిన్న టోర్నమెంట్‌కు సెలక్షన్ జరిగినా "ఆ పిల్లోడు ఎవరి తాలూకు?" అని ముందు అడిగే మనకు ఇది వింతగానే ఉంటుంది. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో ఇంతకాల్ అయ్యారు.

ఆటగాడిగా దొరకనిది హకీంకు వేరే దారుల్లో దొరికింది. ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్ దాకా ఎదిగారు, సర్వీసెస్ జట్టుకు ఆడారు. విజిల్ పట్టి ఫిఫా రెఫరీ అయ్యారు. 1988లో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లోనూ రెఫరీగా ఉన్నారు. 1982 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో పీకే బెనర్జీకి అసిస్టెంట్ కోచ్. ఆయన కోచింగ్‌లో మహీంద్రా జట్టు ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాలో రీజనల్ డైరెక్టర్‌గానూ పనిచేశారు.

ప్రభుత్వ గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. ధ్యాన్‌చంద్ అవార్డు ఇచ్చేసరికి 2017, అప్పటికి ఆయన వయసు 78. 2020లో కోవిడ్ సోకినా కోలుకున్నారు. 2021 ఆగస్టు 22న గుల్బర్గా ఆసుపత్రిలో కన్నుమూశారు.

రహీం సాబ్ జీవితం మీద అజయ్ దేవ్‌గణ్ నటించిన 'మైదాన్' 2024 ఏప్రిల్‌లో రిలీజైంది. అందులో కొడుకు హకీం పాత్ర కూడా ఉంది. చూడటానికి ఆయనే లేరు.