ఫారెస్ట్ హిల్స్ ఫైలు: బీదల ఇళ్ళు, ఇరుగుపొరుగుల అభ్యంతరాలు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. రాజుల గురించి, యుద్ధాల గురించి వ్రాయగల పండితులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఫైళ్ళ మధ్య బ్రతికినవాడిని కనుక ఒక ఇళ్ళ పథకం చరిత్ర వ్రాస్తున్నాను.

పిల్లలను చూడటానికి అమెరికా వెళ్ళిన మన సభ్యులలో కొందరైనా న్యూయార్క్ నగరంలోని ఫ్లషింగ్ వినాయకుని గుడికి వెళ్ళి ఉంటారు. 1977లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడి ఆ నగరంలోని క్వీన్స్ విభాగంలో ఉన్నది. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోనే ఫారెస్ట్ హిల్స్ అనే పేట ఉంది. 1971-72 సంవత్సరాలలో ఆ పేట పేరు అమెరికా అంతటా మారుమ్రోగింది. బీదల కోసం కట్టదలచిన మూడు భవనాలే అందుకు కారణం.

అప్పటి మేయరు జాన్ లిండ్సే. ప్రభుత్వం కట్టే చవక ఇళ్ళన్నీ బీదల పేటలలోనే కడితే బీదరికం అక్కడే గూడు కట్టుకుంటుందనీ, మధ్యతరగతి పేటలలో కూడా అక్కడక్కడ కట్టాలనీ ఆయన ప్రభుత్వ విధానం. క్వీన్స్‌లో మొదట అనుకున్న స్థలం కరోనా అనే పేట. (తరువాత వచ్చిన జబ్బుకూ ఈ పేరుకూ సంబంధం లేదు.) అక్కడివారు ఒప్పుకోలేదు. దాంతో పథకం ఫారెస్ట్ హిల్స్‌లోని సుమారు ఎనిమిదిన్నర ఎకరాల ఖాళీ స్థలానికి మారింది. 1966 చివరలో నగర పాలక మండలి ఆమోదం లభించింది. ఒక్కొక్కటి 24 అంతస్తుల చొప్పున మూడు భవనాలు, మొత్తం 840 ఇళ్ళు. ఫైలు అయిదేళ్ళు నడిచి, 1971 నవంబరులో యంత్రాలు స్థలంలోకి దిగాయి.

అప్పుడు రేగింది గొడవ. జనం వీధిలోకి వచ్చారు. పని జరిగే చోట రాళ్ళు పడ్డాయి. ఆ పేటలో ఎక్కువమంది యూదు మధ్యతరగతివారు. నగరంలోని పాత పేటలు వదలి, కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో అక్కడ ఇల్లు అమర్చుకున్నవారు వారిలో చాలామంది. ప్రత్యర్థులు వారిని జాతి వివక్ష చూపేవారన్నారు. ఎందుకంటే ఆ ఇళ్ళలోకి వచ్చేవారిలో నల్లజాతివారు ఎక్కువగా ఉంటారని అందరూ అనుకున్నారు. నిజానికి యూదు సంస్థలలోనే ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. ఆ సమయంలోనే లిండ్సే అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వం కోరుతూ ఫ్లోరిడాలో ప్రచారం చేస్తుంటే, ఆయన్ని ఎగతాళి చేసే బ్యానరు కట్టిన విమానం అక్కడి ఆకాశంలో తిరిగింది.

1972 మే నెలలో లిండ్సే ఈ తగవు తీర్చమని క్వీన్స్‌కు చెందిన ఒక న్యాయవాదిని నియమించారు. ఆయన పేరు మారియో కువోమో. అప్పటికి నలభై ఏళ్ళు నిండలేదు. అంతకు ముందు కరోనా పేటలోనే ఒక పాఠశాల కోసం ఇళ్ళు కోల్పోనున్న కుటుంబాల పక్షాన వాదించి పేరు తెచ్చుకున్నారు. ఇక్కడ ఆయన పని కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్లయింది. అందరి మాటా విని జూలైలో నివేదిక ఇచ్చారు. 24 అంతస్తులు 12 కావాలి, 840 ఇళ్ళు 432 కావాలి అన్నారు. అసలే వద్దన్నవారూ, అన్నీ కట్టాలన్నవారూ ఇద్దరూ పెదవి విరిచారు. అయినా అక్టోబరులో పాలక మండలి ఆమోదించింది. సుమారు 40 శాతం ఇళ్ళు వృద్ధులకు కేటాయించారు. అటు తరువాత చర్చల్లో అది నివాసుల సహకార సంఘంగా కూడా మారింది. 1975లో భవనాలు పూర్తయ్యాయి. పేట పాడైపోతుందన్న జోస్యం ఫలించలేదు. కువోమో ఆ అనుభవాన్ని డైరీ రూపంలో 1974లో పుస్తకంగా తెచ్చారు, 1983 నుండి 1994 వరకు న్యూయార్క్ రాష్ట్ర గవర్నరుగా పనిచేశారు.

రాజీ కుదిరింది, కథ సుఖాంతం అని చాలామంది వ్రాశారు. ఫైలు చూడటం అలవాటైన మనం ఇంకొక పేజీ తిప్పాలి. 840లో నుంచి 432 తీసివేస్తే 408. ఆ 408 కుటుంబాలు ఏ సభలోనూ మాట్లాడలేదు. తమకు ఇల్లు వస్తుందో రాదో తెలియనివాడు ధర్నాకు ఎలా వస్తాడు? పేటవారికి సంఘం ఉంది, వకీలు ఉన్నాడు, విలేఖరులు ఉన్నారు. దరఖాస్తు పెట్టుకున్నవాడికి ఉన్నది జాబితాలో ఒక నంబరు మాత్రమే. పైగా 1973 జనవరిలో నిక్సన్ ప్రభుత్వం ఇటువంటి ఇళ్ళకు కొత్తగా నిధులివ్వడం నిలిపివేసింది. తగ్గిన ఇళ్ళను మరొకచోట కట్టుకునే దారీ ఇరుకైపోయింది.

పేటవారి అభ్యంతరాలన్నీ ఒక గాటన కట్టకూడదు. బడి చాలదు, రైళ్ళు కిక్కిరిసిపోతాయి, 24 అంతస్తులు ఈ వీధికి ఎక్కువ అన్నవి జవాబు చెప్పవలసిన మాటలు. వాటికి కొలతలున్నాయి, పరిష్కారమూ ఉంది. "అలాంటివాళ్ళు మా మధ్యకు రాకూడదు" అన్నదానికి కొలత లేదు. ఈ రెండో మాట చాలాసార్లు మొదటి మాటల చాటున నిలబడి వస్తుంది. నోటు ఫైలు వ్రాసేటప్పుడు రెండింటినీ వేరువేరు పేరాలలో పెట్టడం గుమాస్తా ధర్మం.

వృద్ధుల విషయం కూడా గమనించండి. బీద వృద్ధులు వస్తామంటే వ్యతిరేకత తగ్గింది. పిల్లలున్న బీద తల్లి వస్తానంటే పెరిగింది. మన వయసుకు దొరికిన ఆ మర్యాదను చూసి సంతోషించవచ్చు గాని, ఆ తల్లి అవసరం మన అవసరం కంటే చిన్నదేమీ కాదు.

ఈ దూరదేశపు కథ మనకెందుకు అంటారేమో. మన సభ్యులలో చాలామంది తమ కాలనీ సంక్షేమ సంఘాలలో అధ్యక్షులు, కార్యదర్శులు. ప్రక్క స్థలంలో బలహీన వర్గాల ఫ్లాట్లు కడుతున్నారని తెలియగానే మహజరు తయారవుతుంది. ఇంగ్లీషు బాగా వ్రాస్తామని దాన్ని చిత్తు వ్రాసే పని మనకే అప్పగిస్తారు. మన ఆఫీసులలో స్వీపర్లుగా, అటెండర్లుగా పనిచేసి రిటైరైన వారిలో ఎందరో నేటికీ అద్దె ఇళ్ళలోనే ఉన్నారు. కుటుంబ పెన్షనుతో నెట్టుకొస్తున్న వారి భార్యలూ ఉన్నారు. ఆ ఫ్లాట్ల జాబితాలో వారి పేర్లు ఉండవచ్చు.

కనుక పెద్దలకు నా విన్నపం. మహజరు వ్రాయవలసి వస్తే వ్రాయండి. నీరు, మురుగు కాలువ, బడి, రోడ్డు వెడల్పు, అంతస్తుల సంఖ్య గురించి గట్టిగా అడగండి. మనుషుల గురించిన పేరాను మాత్రం కొట్టివేయండి. సంతకాలు సేకరించే ముందు, వీలైతే, ఆ జాబితాలో ఉన్నవారిలో ఇద్దరిని సంఘ సమావేశానికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టి వారి మాట కూడా మినిట్స్‌లో వ్రాయించండి.

— విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, సంఘ సభ్యుడు