హృదయ, ఛాతీ శస్త్రచికిత్సకుల సంఘం – సోలాపూర్ నేతపేటలు

భారతదేశంలో గుండె, ఊపిరితిత్తులు, పెద్ద రక్తనాళాలకు ఆపరేషన్లు చేసే వైద్యుల జాతీయ సంస్థ ఐ.ఎ.సి.టి.ఎస్. 1938లో ఏర్పడిన భారత శస్త్రచికిత్సకుల సంఘం (ఎ.ఎస్.ఐ.) నీడలో ఒక విభాగంగా పెరిగి, తర్వాత వేరుపడింది. ఈ వృత్తి క్షయతో మొదలై, గుండె కవాటాల (వాల్వుల) మీదుగా నేటి కాథెటర్ల (రక్తనాళంలోంచి పంపే గొట్టాల) కాలానికి చేరింది. ఈ దశలన్నిటి జబ్బులూ మహారాష్ట్ర నగరం సోలాపూర్ తూర్పు భాగంలోని తెలుగు నేతపేటల్లో ఒకే ఇంట్లో కనిపించగలవు.

నేతపేటలు

తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలీలు సాఖర్ పేట, భవానీ పేట, దత్తనగర్, కుచన్ నగర్ వంటి చోట్ల స్థిరపడ్డారు. చద్దర్లు, టర్కీ టవళ్లు నేసే మరమగ్గాలు చాలాచోట్ల ఇంటిని ఆనుకునే ఉంటాయి. ఆడవాళ్లు ఇంటి దగ్గరే బీడీలు చుడతారు. నూలు పీచు, పొగాకు ధూళి, గాలి ఆడని ఇరుకు గదులు ఊపిరితిత్తులకు చేటు. దూది ధూళి వల్ల వచ్చే బిస్సినోసిస్‌లో, సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజే ఛాతీ బిగుస్తుంది. ఇది నేతకన్నా దూది ఏకే, వడికే విభాగాల్లో ఎక్కువ. అందుకే 1877లో మొదలైన ‘జూనీ గిరణీ’ వంటి పాత స్పిన్నింగు మిల్లుల పనిలోనే ఈ ముప్పు ఎక్కువగా ఉండేది. దీనికి కత్తితో పనిలేదు, ధూళిని అదుపు చేయడమే మందు.

క్షయ కాలం

మందులు రాకముందు క్షయకు శస్త్రచికిత్స అంటే పక్కటెముకలు కొన్ని తీసేసి, జబ్బుపడిన ఊపిరితిత్తిని అణిచివేయడం. తెలుగు నేలపై మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం (1915), సోలాపూర్ వైపు మిరజ్ దగ్గరి వాన్లెస్ శానటోరియం ఆనాటి ఆసరాలు. అమెరికన్ మిషనరీ సర్జన్ రీవ్ బెట్స్ 1949లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఛాతీ శస్త్రచికిత్స విభాగం ప్రారంభించి, ఎందరికో ఈ విద్య నేర్పాడు. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ వచ్చాక పరిస్థితి మారింది. 1956లో మద్రాసులో పెట్టిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, ఇంట్లోనే ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత గుణం ఉంటుందని నిరూపించింది. మగ్గం ఆపి నెలల తరబడి ఊరు వదలలేని నేతగాడికి ఇంతకన్నా మేలైన వార్త ఉండదు. ఛాతీ సర్జన్లకు మాత్రం ప్రధానమైన పని తగ్గిపోయింది.

గుండె వైపు

అప్పటికే కొత్త పని ఎదురుచూస్తోంది. ఇరుకు ఇళ్లలో పిల్లలకు పదేపదే వచ్చే గొంతునొప్పి కొందరిలో కీళ్లవాతపు జ్వరంగా మారి, గుండె వాల్వును బిగించేస్తుంది. చాలామంది ఆడవాళ్లలో ఇది మొదటి కాన్పు నాటి ఆయాసంతోనే బయటపడుతుంది. గుండె పనిని తాత్కాలికంగా చేసే యంత్రం అవసరం లేకుండా, కొట్టుకుంటున్న గుండెలోకి వేలు పోనిచ్చి వాల్వును విప్పే ఆపరేషన్ పేద దేశానికి పెద్ద వరమైంది. గుండె-ఊపిరితిత్తుల యంత్రం (అమెరికాలో గిబ్బన్, 1953) వచ్చాక, 1960ల తొలినాళ్లలో వెల్లూరులో ఎన్. గోపీనాథ్ గుండెను తెరిచి ఆపరేషన్ చేశారు. 1968లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో పి.కె. సేన్ గుండె మార్పిడికి పూనుకున్నారు. ఆ రోగి బతకలేదు. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో తొలి విజయవంతమైన మార్పిడి చేసినవారు రాజమండ్రికి చెందిన పనంగిపల్లి వేణుగోపాల్. నా దృష్టిలో సోలాపూర్ వంటి ఊళ్లకు అంతకన్నా పెద్ద మలుపు, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో ఎం.ఎస్. వలియత్తాన్ బృందం తయారుచేసి 1990లో తొలిసారి అమర్చిన స్వదేశీ వాల్వు. దిగుమతి వాల్వు కొనలేని కుటుంబాలకు అది దారి చూపింది.

కాథెటర్ కాలం

1977లో జూరిచ్‌లో గ్రుంట్‌సిగ్ బెలూన్‌తో గుండె రక్తనాళాన్ని వెడల్పు చేశాడు. 1980లలో జపాన్ వైద్యుడు ఇనోవె బెలూన్‌తో బిగిసిన వాల్వునూ విప్పాడు. సర్జన్ వేలు చేసిన పని తొడ దగ్గరి రక్తనాళంలోంచి వెళ్లిన గొట్టం చేయసాగింది. 2002లో ఫ్రాన్స్‌లో క్రిబియే వాల్వునే అలా అమర్చాడు. రక్తనాళం మళ్లీ మూసుకోకుండా అమర్చే స్టెంట్ల ధరకు 2017లో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది.

సర్జన్లు ఊరుకోలేదు. గుండెను ఆపకుండానే బైపాస్ చేసే పద్ధతి భారతదేశంలో బాగా వ్యాపించింది. యంత్రపు ఖర్చు మిగలడం కూడా అందుకు ఒక కారణం. కార్డియాలజిస్టుతో కలిసి కూర్చుని, ఈ రోగికి ఏది మంచిదని నిర్ణయించే అలవాటు వచ్చింది. ఛాతీలో చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషన్లు పెరిగాయి. ఈ విభాగపు ఉన్నత కోర్సు ఎం.సి.హెచ్.లో సీట్లు మిగిలిపోతున్న పరిస్థితిలో, ఎం.బి.బి.ఎస్. తర్వాత నేరుగా చేరే ఆరేళ్ల కోర్సునూ జాతీయ పరీక్షా మండలి నడుపుతోంది. ఈ పరుగులో ఛాతీ వెనకబడటం బాధాకరం. క్షయ మానినా ఊపిరితిత్తిలో మిగిలిన గూడులోంచి రక్తం పడటం, ఊపిరితిత్తి చుట్టూ చీము గట్టిపడటం వంటి వాటికి నేటికీ నేర్పరి చేయి కావాలి.

నగరంలో వైద్యం

1963లో మొదలైన వైశంపాయన్ వైద్య కళాశాల, దాని ఆసుపత్రి, సహకార పద్ధతిలో నడిచే మార్కండేయ రుగ్ణాలయం నేతపేటలకు దగ్గరి ఆసరాలు. పెద్ద ఆపరేషన్ అంటే పుణె, ముంబయి, హైదరాబాద్ దారి పట్టడం పాత అలవాటు. 2012 జులై 2న మహారాష్ట్ర ప్రభుత్వం రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ ఆరోగ్య యోజనను తొలి విడత 8 జిల్లాల్లో ప్రారంభించినప్పుడు వాటిలో సోలాపూర్ ఒకటి. కుటుంబానికి ఏడాదికి 1.5 లక్షల రూపాయల వరకు రక్షణ ఇచ్చిన ఈ పథకంలో గుండె ఆపరేషన్లూ ఉన్నాయి. 2017లో దీని పేరు మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజనగా మారింది.

లోహపు వాల్వు అమర్చుకున్నవారు జీవితాంతం రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడాలి. మోతాదు సరిచూసుకోవడానికి తరచూ ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష చేయించుకోవాలి. కీళ్లవాతపు జ్వరం తిరగబెట్టకుండా పెన్సిలిన్ సూది మూడు నాలుగు వారాలకోసారి పడాలి. చేసిన పనిని బట్టి కూలి దొరికే నేతగాడికి ఆసుపత్రిలో గడిపే ప్రతి పూటా కూలి నష్టమే కాబట్టి, ఆ పరీక్ష, సూది పేటలోనే అందినప్పుడే సర్జన్ చేసిన పని నిలుస్తుంది.