నాగాయలంక డాబా మీద యాభై వాట్లు

మీరూ మాస్టారూ మెట్లెక్కి తుఫాను షెల్టర్ డాబా మీదికి వచ్చారు. కిందంతా రొయ్యల చెరువులు, వాటిలో ఏరేటర్ల హోరు, అవతల కృష్ణా కరకట్ట. అక్టోబరు ఉక్కకి చొక్కా వీపుకి అతుక్కుంటోంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి తెలియని ఇల్లు దివిసీమలో లేదు. మళ్లీ అలాంటి తుఫానొచ్చి ఫోన్లు మూగబోతే ఇక్కణ్ణుంచి బందరుకి మాట చేరుతుందా? అది ఇవాళే తేల్చుకోవాలి.

మీ చేతిలో 5 వాట్ల హామ్ రేడియో హ్యాండ్‌సెట్. పొట్టి రబ్బరు యాంటెన్నాతోనే 145 మెగాహెర్ట్జ్ మీద కాల్‌సైన్ చెప్పి బటన్ వదిలారు. ఉత్త బుస. సూటిగా కొలిస్తే బందరు సుమారు 35 కిలోమీటర్లు మరి.

"యాంప్లిఫయర్ ఆన్ చెయ్యనా మాస్టారూ?"

"ఆగండి. ముందు హ్యాండ్‌సెట్‌నే దీనికి తగిలించండి."

ఆయన ఇనప పైపు నిలబెట్టి పిట్టగోడకి తాడుతో బిగిస్తున్నారు. కొసన గ్రౌండ్‌ప్లేన్ యాంటెన్నా: నిలువునా అరమీటరు కడ్డీ, కింద ఏటవాలుగా మరో నాలుగు. కేబుల్ తిప్పి బిగించి మళ్లీ పిలిచారు. గరగరల మధ్య బందరు పలికింది. మీరూ అక్కడ ముక్కలు ముక్కలుగా అందుతున్నారట.

ఇప్పుడు యాంప్లిఫయర్. వీపంతా రెక్కలున్న అల్యూమినియం పెట్టె. ముందు యాంటెన్నా, తర్వాతే పవర్. బయటికి దారి లేకపోతే ఆ శక్తి వెనక్కి తన్ని ట్రాన్సిస్టర్‌ని కాల్చేస్తుంది. బ్యాటరీ నుంచి లావుపాటి తీగలు, మొదట్లోనే 15 ఆంపియర్ల ఫ్యూజు. పైపుకి దూరంగా జరిగి బటన్ నొక్కారు. పెట్టెలో రిలే టక్కుమంది. బ్యాటరీ మీటరు 12.7 నుంచి 12.1కి దిగింది, పది ఆంపియర్లు లాగుతోంది.

"ఇప్పుడు శుభ్రంగా ఉంది" అంది బందరు. 5 వాట్లు 50 అయితే పది రెట్లు. అయినా అవతల ఎస్-మీటరు ముల్లు రెండు గీతలు కూడా నిండా పెరగదు. కావలసింది మాట అర్థం కావడమే కాబట్టి, గరగర పోయిందంటే అదే చాలు.

అంతలో మీ జేబులో ఫోన్ మోగింది. ఇంకో హ్యాండ్‌సెట్‌తో బైకు మీద చల్లపల్లి వెళ్లిన కుర్రాడు.

"సార్, మీరు బ్రహ్మాండంగా వినపడుతున్నారు! ఇందాకట్నుంచీ పిలుస్తున్నా, పలకరేంటి?"

మీకు గుండె గుభేలుమంది. ఫోన్ ఉంది కాబట్టి తెలిసింది. తుఫాను రాత్రి నడుంలోతు నీళ్లలో నిలబడి పిలిచేవాడి చేతిలో ఉండేది 5 వాట్ల సెట్టే. మీ పెట్టె మీ గొంతునే పెంచింది, చెవిని పెంచలేదు. రోడ్డు మీద నిలబడ్డ మనిషి చేతిలోని సెట్టుకి దిగంతం 5 కిలోమీటర్లే. డాబా మీది మీ యాంటెన్నా ఎత్తు కలిస్తే పదిహేడు దాకా. వాడున్నది పందొమ్మిదో కిలోమీటరు దగ్గర.

మాస్టారు ఏమీ అనలేదు. ఇంకో పైపు తెచ్చారు. ఇద్దరూ కలిసి యాంటెన్నాని మరో మూడు మీటర్లు లేపారు. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ తీసేశారు. పది మీటర్లలోనే అది పవర్‌లో మూడో వంతు మింగుతుంది, వచ్చే సిగ్నల్‌నీ అంతే. దాని చోట లావుపాటి ఆర్‌జీ-213 వేశారు. చేతులంతా తుప్పు.

బుసలోంచి సన్నగా ఒక గొంతు. తర్వాత కాల్‌సైన్. తర్వాత "చల్లపల్లి సెంటర్లో ఉన్నా సార్, ఓవర్."

"పెట్టె ఆపేసి వాడికి జవాబివ్వండి" అన్నారు మాస్టారు.

ఆపారు. 5 వాట్లతో పిలిచారు. కాస్త గరగర ఉన్నా ప్రతి మాటా తెలుస్తోందన్నాడు కుర్రాడు. రిజిస్టరు తెరిచి రాసుకున్నారు: కుర్రాళ్లతో హ్యాండ్‌సెట్ మీదే, యాంప్లిఫయర్ బందరుకి మాత్రమే. ఈ 40 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఆపకుండా మాట్లాడితే నాలుగు గంటలైనా రాదు, కరెంటు ఎప్పుడొస్తుందో తుఫాను రాత్రి ఎవరూ చెప్పలేరు.