‘క్లాసికల్’: ఒక విశేషణ చరిత్ర, తెలుగులో దాని అనువాదం

2008 అక్టోబరు 31న కేంద్ర ప్రభుత్వం తెలుగుకు ‘క్లాసికల్’ హోదా ప్రకటించింది. ఆ విశేషణాన్ని మనం ఎక్కువగా ‘ప్రాచీన’ అనీ, కొన్నిచోట్ల ‘విశిష్ట’ అనీ అనువదించుకొన్నాం. సంగీతానికి ముందు ఇదే మాట ‘శాస్త్రీయ’ అవుతుంది. అర్థశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో ‘సంప్రదాయ’ అవుతుంది. ఇన్ని రూపాలకు కారణం ఆ పదం నడిచివచ్చిన దారిలోనే ఉంది.

దీనికి మూలం లాటిన్ ‘క్లాసికుస్’. పూర్వం రోమన్ పౌరులను ఆస్తినిబట్టి ఐదు తరగతులుగా విభజించేవారు. వారిలో మొదటి తరగతివారికే ఈ పేరు చెల్లేదని క్రీ.శ. 2వ శతాబ్ది రచయిత ఔలుస్ గెల్లియుస్ వివరించాడు. అంటే పుట్టుకచేత ఇది ఆస్తిలెక్కల మాట. సాహిత్యానికి దీనిని అన్వయించిన ప్రసిద్ధ సందర్భం కూడా ఆయన గ్రంథంలోనే కనిపిస్తుంది. ‘ఇసుక’ అనే అర్థమిచ్చే లాటిన్ పదానికి బహువచనం సాధువా కాదా అన్న చర్చలో, మార్కస్ ఆరీలియస్ చక్రవర్తికి గురువైన ఫ్రొంటో, పూర్వ వక్తలలోనో కవులలోనో ‘క్లాసికుస్’ అయినవాని ప్రయోగం వెతకమంటాడు. ‘ప్రొలెటారియుస్’ రచయిత పనికిరాడంటాడు. (అభ్యుదయ సాహిత్య విమర్శలో గౌరవం పొందిన ‘ప్రోలిటేరియన్’ ఈ ఈసడింపు మాట బంధువే.)

ఇక్కడ ప్రాచీనత లేకపోలేదు. కాని దానిని చెప్పేది ‘పూర్వ’ అన్న వేరే మాట. ‘క్లాసికుస్’ చెప్పేది స్థాయిని, ప్రయోగ ప్రామాణ్యాన్ని. 17వ శతాబ్దిలో అప్పకవి లక్షణ నిరూపణకు పూర్వకవుల పద్యాలను లక్ష్యాలుగా చూపడంలో ఉన్నదీ ఈ దృష్టే.

16వ శతాబ్ది చివరకు ‘క్లాసికల్’ ఆంగ్లంలో ప్రవేశించింది. అప్పటి విద్యాలయాల్లో ఆదర్శ గ్రంథాలంటే గ్రీకు, లాటిన్ గ్రంథాలే. అందుచేత ‘ఉత్తమమైన’ అన్న అర్థానికి ‘ఆ ప్రాచీన యుగానికి చెందిన’ అన్న అర్థం జతపడింది. తరువాత ‘రొమాంటిక్’కు ప్రతిగా నిలిచి నియమబద్ధత అనే ఛాయనూ సంతరించుకొన్నది.

కేంద్రం పెట్టిన ప్రమాణాల్లో 1500 నుంచి 2000 ఏళ్ల ప్రాచీనత ఒకటి మాత్రమే. తరతరాలు వారసత్వంగా భావించిన సాహిత్యం కూడా వాటిలో ఉంది, 2024 వరకు అరువుతెచ్చుకోని సాహిత్య సంప్రదాయం కూడా ఉండేది. ‘ప్రాచీన’ అన్న అనువాదం మొదటిదానినే పలుకుతుంది. అమరావతి శిలాఫలకంలోని ‘నాగబు’, కలమళ్ళ శాసనం వంటి ఆధారాలకు దక్కిన ప్రాముఖ్యం, నన్నయ తిక్కనల ప్రయోగాలు ప్రమాణాలుగా స్థిరపడిన చరిత్రకు దక్కకపోవడంలో ఈ అనువాదానికీ కొంత పాత్ర ఉందని నా అభిప్రాయం. ‘శాస్త్రీయ’ను భాషకు చేరిస్తే సైన్సు స్ఫురిస్తుంది, ‘ప్రామాణిక భాష’ నేటి రచనాభాషకు పేరైపోయింది. కాలాన్ని సూచించకపోయినా, స్థాయిని సూచిస్తుంది కనుక ‘విశిష్ట’యే మూలార్థానికి చేరువ.