పట్టణంలోని పాత ఇంటికి విలువ కట్టడం: బళ్లారి పాతపేటల సంగతి

బళ్లారిలోని బ్రూస్‌పేట, కౌల్‌బజారు వంటి పాతపేటలలో మిద్దె ఇళ్ళు నేటికీ నిలిచి ఉన్నవి. రాయదుర్గం, ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 వరకు బళ్లారి జిల్లాలోనివే. జిల్లా కచేరీ, కోర్టు, పెద్ద బజారు అన్నీ బళ్లారిలో ఉండటం వలన కలిగిన రైతు కుటుంబాలు పిల్లల చదువుకు, వ్యాజ్యాలకు, వ్యాపారానికి అక్కడొక ఇల్లు ఉంచుకొనేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడు ఆ మూడు తాలూకాలు ఆంధ్రకు, బళ్లారి మైసూరుకు చేరినవి. ఆ విధంగా పొలం ఒక రాష్ట్రంలో, ఇల్లు మరొక రాష్ట్రంలో మిగిలిపోయిన కుటుంబాలు గలవు. పెద్దలు గతించి ఇల్లు పంచుకోవలసి వచ్చినపుడో, అందులో కాపురమున్న అన్నదమ్ముడు తక్కినవారి వాటాలు కొంటాననినపుడో, దాని విలువ ఎంత అన్న ప్రశ్న వస్తుంది.

సాధారణంగా గజం ధర ఎంత అన్న మాటతో లెక్క మొదలవుతుంది. ఇది తలకిందుల పద్ధతి. ఇల్లు ఎవరెవరిది, ఎంతెంత వాటా అన్నది తేలనిదే ఎంత పెద్ద ధరకైనా అర్థం లేదు. ఖాతా ఎవరి పేర ఉన్నదో వారే యజమాని అన్న నమ్మకం పల్లెలలోను, పట్టణంలోను బలంగా ఉన్నది. ఖాతా పన్ను వసూలు కొరకు నగరపాలక సంస్థ వ్రాసుకొనే లెక్క మాత్రమే. ముప్ఫై ఏళ్ళుగా పన్ను కట్టిన రసీదులు చూపినంత మాత్రాన తోబుట్టువుల హక్కు పోదు. యాజమాన్యానికి ఆధారం క్రయపత్రం, విభాగపత్రం, దానపత్రం, వీలునామా వంటివే.

సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఋణభార పత్రం తీసుకోవాలి. కర్ణాటకలో 2004 ఏప్రిల్ నుండి జరిగిన రిజిస్ట్రేషన్లు కంప్యూటరులో దొరుకుతాయి. అంతకు పూర్వపువి కావాలంటే పాత పుస్తకాలను వెదికించాలి. పాత ఇంటి విషయంలో ఆ వెదుకులాటే ముఖ్యం. అయితే ఋణభార పత్రంలో కనబడేవి రిజిస్టరయిన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు కాని వీలునామా, ఇంటి దస్తావేజులు బ్యాంకులో ఉంచి తీసుకొన్న అప్పు, నోటిమాటగా ఇచ్చిన అద్దె అందులో కనబడకపోవచ్చు. 1953కు పూర్వపు దస్తావేజులు మద్రాసు రాజధాని ముద్రాంక కాగితాల మీద తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉండవచ్చు. ఆ తెలుగు దస్తావేజులను గొలుసుకట్టు వ్రాత చదవగలిగిన పెద్దలు ఉన్నపుడే శుభ్రంగా తిరగవ్రాయించి, కన్నడంలోకో ఇంగ్లీషులోకో అనువాదం చేయించి పెట్టుకోవడం మంచిది.

ఆడపడుచుల వాటా గురించి అపోహలు ఎక్కువ. తండ్రి స్వార్జితమై, వీలునామా లేకుండా ఆయన గతిస్తే భార్య, కొడుకులు, కూతుళ్ళు అందరికీ సమాన వాటా. ఆయన తల్లి బ్రతికి ఉంటే ఆమెకూ ఒకటి. ఇది 1956 నుండీ ఉన్న చట్టం. పిత్రార్జితంలో కూతురికి జన్మతః హక్కును కర్ణాటక 1994లో ఇచ్చినది గాని, అప్పటికే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. ఆ భేదాన్ని 2005 కేంద్ర సవరణ తొలగించినది. ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోగాని, కోర్టు డిక్రీతోగాని జరిగిన విభాగం మాత్రం చెదరదు. పెళ్ళిలో పసుపుకుంకుమల కింద ఇచ్చాము కదా అన్న మాట చట్టం ముందు విడుదల పత్రం కాజాలదు.

ఒక వాటాదారుడు కోపంతో తన భాగాన్ని పరాయివానికి అమ్మితే ఏమవుతుంది? ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కుటుంబ నివాసగృహంలో అవిభక్త వాటా కొన్న అన్యుడు అందరితో కలిసి ఇంటిలో ఉండే హక్కు పొందడు. అతడు విభాగం కోరి దావా వేస్తే, 1893 విభాగ చట్టం కింద కుటుంబసభ్యుడు కోర్టు కట్టిన విలువకు ఆ వాటాను తిరిగి కొనవచ్చు. అందుకే వివేకి అయిన కొనుగోలుదారు ఒక్క వాటాకు పూర్తి ధర ఇవ్వడు. అందరూ కలిసి సంతకం చేసిన ఇంటికి, చీలికలై అమ్మిన ఇంటికి ధరలో చాల అంతరం ఏర్పడేది ఇందువల్లనే.

కొలతల దగ్గర మరొక చిక్కు ఉన్నది. పాత పత్రాలలో ఇంటిని అంకణాలలో చెప్పడం కలదు. మిద్దె ఇళ్ళలో అంకణమంటే రెండు దూలాల నడిమి ఎడమే గాని స్థిరమైన వైశాల్యం కాదు. కనుక ‘ఎనిమిదంకణాల మిద్దె’ అన్న మాటను చదరపుటడుగులలోకి మార్చే సూత్రం లేదు. సర్వేయరును పిలిచి కొలిపించి, చెక్కుబందీతో సరిచూడాలి. ‘తూర్పున ఫలానావారి ఇల్లు’ అని ఉన్నచోట ఆ ఇల్లు ఇపుడు ఎవరి చేతిలో ఉన్నదో వ్రాసి పెట్టుకోవాలి.

ఇక కట్టడం. మిద్దెకు గోడలు రాతివి లేదా మట్టివి. వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన సన్నకర్రలో బండలో, వాటిపై మట్టి, అన్నిటికీ మీద చౌడు. వాన తక్కువైన సీమకు తగిన కప్పు ఇది, ఎండకు చల్లన. అయితే వానాకాలానికి ముందు ఏటేటా చౌడు వేయగా వేయగా కప్పు బరువు పెరిగిపోతుంది. అరవై డెబ్బై ఏళ్ళ మిద్దెలో దూలం నడుము వంగి ఉంటే కారణం చాలసార్లు ఇదే. తాడు లాగి చూస్తే వంపు తెలుస్తుంది. దూలం గోడలోకి దిగే కొన అన్నిటికంటె ముఖ్యం. చెమ్మ, చెద మొదట పట్టేది అక్కడ. సుత్తితో తట్టితే బోలుగా మ్రోగిన దూలానికి, మేకు సులువుగా దిగిన దూలానికి ఆయువు లేదు.

గోడలో నెరియ కనబడగానే భయపడనవసరం లేదు. దానిపై అడ్డంగా చిన్న గాజుముక్కను సిమెంటుతో అతికించి తేదీ వ్రాసి, ఒక వానాకాలం గడిచాక చూడాలి. గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నదని అర్థం. నల్లరేగడి మీద పునాది వేసిన ఇళ్ళలో, కిటికీ మూలల నుండి ఏటవాలుగా పోయే నెరియలు ఈ విధంగా ఏటేటా తెరచుకొని మూసుకొంటాయి. సున్నపు గోడకు సిమెంటు పూత పూస్తే చెమ్మ లోపలే నిలిచి, అడుగున మూడడుగుల మేర పెచ్చులూడుతుంది. అమ్మకానికి ముందు ఆ మేరకే కొత్తరంగు వేసి ఉంటే అనుమానించవలసినదే. వీధిరోడ్డును మళ్ళీ మళ్ళీ ఎత్తు చేయగా గడప రోడ్డుకంటె దిగువన పడినదేమో కూడ చూడాలి. అటువంటి ఇంటిలోకి ప్రతి పెద్దవానకూ మురుగునీరు వస్తుంది; దానికి చవకైన మందు లేదు. పక్కింటితో ఉమ్మడిగోడ ఉంటే కూల్చివేత కూడ ఒంటరి నిర్ణయం కాదు.

చాలమంది లెక్కలో మరచేది మరొకటి ఉన్నది. పాత ఇల్లు స్థలమంతా ఆక్రమించి, పక్కగోడలను ఆనుకొని ఉంటుంది. కూల్చి కొత్తది కట్టాలంటే అనుమతికి నిబంధనల ప్రకారం చుట్టూ ఖాళీ వదలాలి. వీధి విస్తరణ ప్రణాళిక ఉంటే ముందుభాగం పోవచ్చు. పదిహేనడుగుల వెడల్పు స్థలంలో రెండు ప్రక్కలా మూడేసి అడుగులు వదిలితే మిగిలేది తొమ్మిదడుగులు! కనుక ఇరుకు స్థలంలో, గట్టిగా ఉన్న పాత మిద్దెను బాగుచేసుకోవడమే లాభం కావచ్చు.

ధరకు ఆధారం అమ్మకందార్లు చెప్పే మాట కాదు. అదే వీధిలో ఇటీవల నిజంగా జరిగిన రెండు మూడు అమ్మకాలు. ప్రభుత్వ మార్గదర్శి ధర ముద్రాంక సుంకం కొరకు ఏర్పడినది. అది బజారు ధరకు తక్కువగానో ఎక్కువగానో ఉండవచ్చు. ఉదాహరణకు 1800 చదరపుటడుగుల ఇంటిస్థలం అనుకొందాము. చదరపుటడుగు బజారు ధర 3000 రూపాయలైతే స్థలం 54 లక్షలు. టేకు తలుపులు, దూలాలకు వచ్చే సొమ్ములో కూల్చివేత ఖర్చు పోగా ఒక లక్ష మిగిలితే మొత్తం 55 లక్షలు. తల్లి, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉంటే ఒక్కొక్కరికి 11 లక్షలు. అదే ఇంటికి 1600 రూపాయల మార్గదర్శి ధర పట్టి స్థలానికే లెక్క కడితే మొత్తం 28 లక్షల 80 వేలు, వాటా 5 లక్షల 76 వేలు. పల్లెలో ఉన్న చెల్లెలికి ఏ లెక్క చూపినారన్న దానిపై 5 లక్షల 24 వేలు ఆధారపడి ఉన్నవి. అందుచేత విలువ కట్టే ఇంజనీరును ఒక్కరే కాక అందరూ కలిసి నియమించుకొని, ఖర్చు సమంగా భరించి, నివేదిక ప్రతి అందరూ తీసుకోవడం ఉత్తమం. ఇంటిలో ఉన్నవారు కప్పుకు, బోరుకు పెట్టిన ఖర్చును రసీదులున్నంత వరకు ముందే తీసివేయడం న్యాయం. అలాగే వారు ఇన్నేళ్ళు అద్దె లేకుండా ఉన్న సంగతీ లెక్కకు రావాలి. ముసలితల్లి ఆ ఇంటిలోనే ఉంటానంటే, ఆమె బ్రతికినంతకాలం నివాసహక్కును పత్రంలోనే వ్రాయాలి, నోటిమాట చాలదు.

వాటాలు తేలిన తరువాత విభాగపత్రంగాని, విడుదల పత్రంగాని రిజిస్టరు చేయించాలి. కుటుంబసభ్యుల మధ్య వీటికి క్రయపత్రం కంటె ముద్రాంక సుంకం బాగా తక్కువ. 2024 నుండి కర్ణాటక పట్టణాలలో ఈ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషను జరగడం లేదు కనుక ముందు దానికి దరఖాస్తు పెట్టాలి. గతించిన తాత పేర ఖాతా ఉన్నచోట దీనికే నెలలు పట్టవచ్చు.

బయటివారికి అమ్మితే ఆదాయపు పన్ను సంగతి వస్తుంది. 2001 ఏప్రిల్ 1కి ముందు కుటుంబానికి వచ్చిన ఇంటికి, ఆ తేదీనాటి విలువను కొన్న ధరగా చూపవచ్చు; అయితే అది ఆనాటి ముద్రాంక విలువను మించరాదు. 2024 జూలై 23కు ముందు సంపాదించిన ఇంటిని ఆ తరువాత అమ్మితే, దేశంలో నివసించే వ్యక్తులు ధరల సూచి కలపకుండా లాభంపై 12.5 శాతమో, కలిపి 20 శాతమో, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. నలుగురైదుగురు వాటాదారులుంటే ఎవరి వాటాకు వారే వేరువేరుగా ఈ లెక్క చూపవలసి ఉంటుంది. కనుక 2001 నాటి విలువ నివేదికను కూడ ఆ ఇంజనీరు చేతనే ఒకేసారి వ్రాయించుకొంటే రెండవసారి ఖర్చు తప్పుతుంది.